ఓడ ఆగిన పది గంటల్లో నాగసాకి: సొంతంగా చూసి వేళకు తిరిగి రావడం ఎలా

క్రూయిజ్ కార్యక్రమంలో "టోక్యో" అని రాసి ఉన్నా ఓడ నిజంగా ఆగేది యోకోహామాలో కావచ్చు. "క్యోటో" అంటే ఒసాకానో, కోబెనో, మైజురునో. "ఫుజి పర్వతం" అంటే షిమిజు అనే రేవు. మబ్బు పట్టకపోతే అక్కడి నుంచి కొండ కనిపిస్తుంది, అంతే. జపాన్ రేవుల్లో సొంతంగా తిరగాలనుకునేవారు ఏ గుడి చూడాలా అని వెతికే ముందు, ఓడ ఏ గట్టున ఆగుతుందో తెలుసుకోవాలి. ఊరు ఒకటే అయినా గట్టు మారితే రోజంతా మారిపోతుంది. యోకోహామాలో ఓసన్‌బాషి గట్టున దిగితే ఊరి నడిబొడ్డున దిగినట్టే. అదే బే బ్రిడ్జి కింద నుంచి దూరలేనంత ఎత్తైన ఓడ అయితే, గోదాముల మధ్య ఉన్న దైకోకు గట్టున నిలబడుతుంది. అక్కడి నుంచి బస్సు ఎక్కితే గాని ఊరు కనబడదు. కగోషిమాలోనూ పెద్ద ఓడలు ఆగే చోటు ఊరి మధ్యకు దూరమే.

ఈ లెక్కన చూస్తే, మొదటిసారి సొంతంగా తిరగాలనుకునేవారికి నాగసాకిని మించిన రేవు లేదని నా అభిప్రాయం. ఓడ మత్సుగాఏ గట్టున, దాదాపు ఊళ్లోనే ఆగుతుంది. ట్రామ్ నడక దూరంలో ఉంది. చూడవలసినవన్నీ ట్రామ్ దారి మీదే వరుసగా ఉంటాయి. అందుకే ఉదయం 8 గంటలకు వచ్చి సాయంత్రం 6కు బయలుదేరే ఓడను ఉదాహరణగా తీసుకుని, నాగసాకి రోజును మొదటి నుంచి చివరి వరకు చెబుతాను. మిగతా రేవులకు ఊరి పేర్లు మారతాయి, పద్ధతి ఇదే.

కాగితాల పని, ఇంట్లో ఉండగానే

భారత పాస్‌పోర్టు ఉన్నవారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉద్యోగం చేస్తున్నా, చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టే అయితే ఇది మీకూ వర్తిస్తుంది.

జపాన్ జెండా లేని ఓడ కేవలం జపాన్ రేవుల మధ్యనే ప్రయాణికులను తిప్పడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. అందుకే యోకోహామాలో బయలుదేరి యోకోహామాకే వచ్చే ఓడలు కూడా మధ్యలో కొరియాలోని బుసాన్‌నో, తైవాన్‌లోని ఒక రేవునో తాకి వస్తాయి. ఓడకు అది చిన్న మలుపు. మీకు మాత్రం అది జపాన్ నుంచి బయటకు వెళ్లి మళ్లీ లోపలికి రావడం. మన దేశంలో ఉన్నవారికి జపాన్ ఇచ్చే పర్యాటక ఈ-వీసా ఒక్క ప్రవేశానికే చెల్లుతుంది. బుసాన్ తర్వాత నాగసాకి ఉంటే, అక్కడ దిగడానికి ఆ వీసా సరిపోకపోవచ్చు. కాబట్టి రేవుల వరుస ముందు పెట్టుకుని, జపాన్‌లోకి ఎన్నిసార్లు ప్రవేశిస్తున్నారో లెక్కపెట్టి, దానికి తగిన వీసాకే దరఖాస్తు చేయండి.

మరో దారి ఉంది. విదేశీ రేవులో ఓడ ఎక్కి, జపాన్ రేవులు చూసి, అదే ఓడలో వెళ్లిపోయేవారికి వీసా లేకుండానే దిగే ప్రత్యేక అనుమతిని జపాన్ 2015లో తెచ్చింది. ప్రభుత్వం గుర్తించిన ఓడలకే అది వర్తిస్తుంది. మీ ఓడకు ఉందో లేదో ఓడ సంస్థను అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఏజెంటు ఫోనులో "ఏం ఫరవాలేదు సార్" అన్న మాటను నమ్ముకుని సముద్రం మీదకు వెళ్లకండి. మధ్యలో వచ్చే కొరియా, తైవాన్ రేవుల సంగతి కూడా అదే ఉత్తరంలో అడిగేయండి.

జపాన్‌లో మొదటి రేవున అధికారులు వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు. వేలమంది ఒకేసారి దిగుతారు కాబట్టి దానికే గంటో రెండు గంటలో పట్టవచ్చు. మీ ఓడకు జపాన్‌లో నాగసాకే మొదటి రేవు అయితే కింద చెప్పే ప్రణాళికలో ఒక చోటును ముందే కొట్టేయండి. నా ఓటు అయితే ఒకప్పటి డచ్ వర్తకుల దీవి దెజిమాకు పడుతుంది.

ఓడ వారి టూరా, సొంత తిరుగుడా

ఓడ సంస్థ అమ్మే టూరు ఖరీదెక్కువ, గుంపుతో నడవాలి, మధ్యలో దుకాణం దగ్గర ఆపుతారు. బదులుగా ఒక హామీ దొరుకుతుంది: ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. దూరపు ఊళ్లకు, అంటే కోబెలో దిగి క్యోటో చూడాలనో షిమిజులో దిగి ఫుజి పాదం దాకా వెళ్లాలనో అనుకుంటే, ఓడ వారి బస్సు ఎక్కడమే మంచిది. ఊళ్లోనే ఆగే రేవుల్లో ఆ డబ్బు దండగ. నాగసాకి రెండో రకం.

ఒక్క మినహాయింపు. నాగసాకి అనగానే చాలామంది హాషిమా చూడాలంటారు. ఊరికి 19 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో, ఒకప్పటి బొగ్గు గని కార్మికుల కాంక్రీటు భవనాలతో నిలిచిన ఖాళీ దీవి అది. యుద్ధనౌకలా కనిపిస్తుందని గున్‌కన్‌జిమా అంటారు. పడవలో వెళ్లి రావడానికి మూడు గంటలు పడుతుంది. అల ఏమాత్రం ఎక్కువగా ఉన్నా దీవి మీద దిగనివ్వరు, చుట్టూ తిప్పి తీసుకొచ్చేస్తారు. ఇలాంటి జూదం మూడు రోజులు ఊళ్లో బస చేసేవారు ఆడవచ్చు. పది గంటలే ఉన్నవారికి వద్దంటాను.

ముందు రోజు రాత్రి

గదికి వచ్చే దినపత్రికలాంటి కాగితంలో రెండు వేళలు ఉంటాయి: ఓడ బయలుదేరే వేళ, అందరూ ఎక్కాల్సిన వేళ. రెండోది మొదటిదానికి అరగంట నుంచి గంట ముందు ఉంటుంది. మీకు కావలసింది రెండోదే. ఆరు గంటల ఓడకు అయిదున్నర అనుకుందాం. అందులోంచి గంటన్నర తీసేయండి. నాలుగు గంటలకల్లా మీరు ఓడకు నడిచి రాగల దూరంలో ఉండాలి. ఇక రోజంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది: ముందు దూరపుది, చివర దగ్గరిది. నాగసాకికి వచ్చేవారిలో ఎక్కువమంది దీన్ని తిరగేస్తారు. ఓడ దిగగానే ఎదురుగా ఉందని కొండ వాలు మీది గ్లోవర్ తోటలోకి దూరి, ఎండలో అలసి, మూడింటికి దూరాన ఉన్న అణుబాంబు స్మారక శాంతి వనానికి ట్రామ్ ఎక్కుతారు. అక్కడి నుంచి గడియారం చూసుకుంటూ పరుగులు.

ఆ కాగితంలోనే రేవు ఏజెంటు ఫోను నంబరు కూడా ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకోండి. గడియారం ఓడ వేళకు సరిపోయిందో లేదో చూసుకోండి. జపాన్, కొరియా రెండింటిదీ ఒకే వేళ, మనకంటే మూడున్నర గంటలు ముందు. తైవాన్ మాత్రం జపాన్ కంటే గంట వెనక. అటు నుంచి వచ్చే ఓడల్లో కొందరికి ఫోను ఒక వేళ, చేతి గడియారం మరో వేళ చూపిస్తుంటాయి.

సంచిలో ఏం ఉండాలి? ఓడ కార్డు, దిగడానికి అనుమతి కాగితం, పాస్‌పోర్టు. పాస్‌పోర్టును ఓడ వారు తమ దగ్గరే ఉంచుకుంటే వారిచ్చిన నకలు. గొడుగు. ఖాళీ నీళ్ల సీసా. చెత్త వేసుకోవడానికి ఒక ప్లాస్టిక్ సంచి, ఎందుకంటే వీధిలో చెత్తబుట్ట దాదాపు కనిపించదు. అరటి తొక్కను ఓడ దాకా మోసుకు రావలసిందే. నగదు కూడా అవసరం: ట్రామ్‌కు, చిన్న టికెట్లకు నాణేలు, వెయ్యి యెన్‌ల నోట్లు ఉంటే పని సులువవుతుంది. సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లోని ఏటీఎంలు మన కార్డులు తీసుకుంటాయి.

తినేవి మాత్రం ఓడలోనే వదిలేయండి. బఫేలోని పండు, సాండ్‌విచ్ జేబులో పెట్టుకుని దిగితే పట్టుకుంటారు; వాసన పసిగట్టే కుక్కలు కూడా ఉండవచ్చు. పండ్లు, పచ్చి ఆకులు, మాంసం జపాన్‌లోకి తీసుకువెళ్లడం నేరం. ఇంటి నుంచి తెచ్చిన గోంగూర మటన్ పచ్చడి సీసా ఉంటే అది గదిలోనే ఉండాలి, కరివేపాకు రెమ్మ కూడా.

ఇంకొక్క మాట. సముద్రం మీద ఉండగా ఫోనును విమానం మోడ్‌లో పెట్టండి. ఓడలోని సెల్ టవర్‌కు అంటుకుంటే వచ్చే బిల్లు మామూలు రోమింగ్ బిల్లులా ఉండదు. గట్టున దిగాక జపాన్ ఈ-సిమ్ ఆన్ చేసుకోండి.

దిగడం: ట్రామ్ వరుసను తప్పించే చిట్కా

దిగగానే జనమంతా ఓడకు దగ్గరి స్టాపులకే పోతారు. ఓడ నుంచి మూడు వేలమంది దిగితే, ఒక పెట్టె ఉన్న ట్రామ్ దగ్గర ఏమవుతుందో ఊహించుకోండి. పైగా ఆ స్టాపుల్లో దొరికేది 5వ నంబరు ట్రామ్. ఉదయం చూడాల్సిన, బాంబు పడిన ఉరకామి లోయ వైపు వెళ్లాలంటే షిన్‌చి చైనాటౌన్ స్టాపులో దిగి 1వ నంబరుకు మారాలి.

మీరు నడవండి. సముద్రం ఒడ్డున పార్కు మీదుగా ఇరవై నిమిషాల్లో, ఎత్తుపల్లాలు లేని దారిలో షిన్‌చి చైనాటౌన్‌కు చేరుకుంటారు. అక్కడ నేరుగా 1వ నంబరు, అకసాకో వైపు వెళ్లేది ఎక్కండి. మారే బాధ లేదు, వరుసా తక్కువ. పెద్దవాళ్లు వెంట ఉండి అంత నడక కుదరదంటే, గట్టు దగ్గరే టాక్సీ తీసుకోండి. నలుగురు పంచుకుంటే మోయలేని ఖర్చేమీ కాదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అందరూ ట్రామే.

ట్రామ్ ఎక్కేది వెనక తలుపు నుంచి, దిగేది ముందు నుంచి; డబ్బు దిగేటప్పుడు కట్టాలి. ఎంత దూరమైనా ఒకే ఛార్జీ. డ్రైవర్ పక్కనున్న పెట్టె చిల్లర తిరిగి ఇవ్వదు. వెయ్యి నోటును నాణేలుగా మార్చే యంత్రం అక్కడే ఉంటుంది, ట్రామ్ ఆగి ఉన్నప్పుడు ముందుగానే మార్చుకోండి. సుయికాలాంటి ప్రీపెయిడ్ ప్రయాణ కార్డు ఉంటే ఆనిస్తే చాలు. రోజంతా తిరగనిచ్చే టికెట్టు కూడా ఉంది, కానీ దాన్ని ట్రామ్‌లో అమ్మరు. పర్యాటక సమాచార కేంద్రంలోనో ఫోను యాప్‌లోనో తీసుకోవాలి. కింద చెప్పిన దారిలో వెళితే మీరు ట్రామ్ ఎక్కేది మూడుసార్లే, కాబట్టి ఆ టికెట్టు కోసం ఉదయం పూట వరుసలో నిలబడటం అనవసరం.

ఉదయం: ఉరకామి

గెన్‌బకు షిర్యోకన్ అనే స్టాపులో దిగండి. అణుబాంబు మ్యూజియం అక్కడి నుంచి చిన్న ఎత్తు మీద ఉంది. ఉదయం 8.30కే తెరుస్తారు. టికెట్టు నామమాత్రం. ముందు మ్యూజియం, తర్వాత బయటి స్మారకాలు, ఈ వరుస మార్చకండి. లోపల చూసినవి తెలియకుండా బయటి నల్లరాతి స్తంభం దగ్గర నిలబడితే అది ఒక స్తంభమే.

1945 ఆగస్టు 9న ఉదయం 11.02కు ఈ లోయ మీద, నేలకు దాదాపు 500 మీటర్ల ఎత్తులో, ప్లుటోనియం బాంబు పేలింది. ఆ రోజు విమానం అసలు బయలుదేరింది కొకురా అనే మరో ఊరి కోసం. అక్కడ కింద ఏమీ కనిపించక ఇటు తిరిగింది. ఆ ఏడాది ముగిసేలోపు చనిపోయినవారు దాదాపు 74,000 మందని నగరం లెక్క. మ్యూజియంలో 11.02 దగ్గర ఆగిపోయిన గోడ గడియారం ఉంది, కరిగి ముద్దయిన గాజు సీసాలున్నాయి. కొన్ని ఫొటోలు చూడలేం. పదేళ్లలోపు పిల్లలుంటే తల్లిదండ్రుల్లో ఒకరు ముందు వెళ్లి చూసి రావడం మంచిది. దీనికి గంటన్నర ఇవ్వండి. పక్కనే ఉన్న జాతీయ శాంతి స్మారక మందిరం ఉచితం, చాలామంది దాటిపోతారు. నేల కింద, మృతుల పేర్ల పుస్తకాలున్న అల్మారా ముందు నిశ్శబ్దంగా కూర్చోవడానికి చోటుంది. పదినిమిషాలైనా కూర్చోండి.

మ్యూజియం కిందికి దిగితే బాంబు పేలిన బిందువు. నల్లరాతి స్తంభం పక్కన, కూలిపోయిన ఉరకామి చర్చి గోడ ముక్కను తెచ్చి నిలబెట్టారు. కాలువ వైపు మెట్లు దిగి చూడండి: అప్పటి ఇటుకలు, పెంకులు, గాజు కలిసిన మట్టి పొర అద్దం వెనక కనిపిస్తుంది. అక్కడి నుంచి రోడ్డు దాటితే శాంతి వనం, ఎస్కలేటరు మీద పైకి వెళ్లవచ్చు. నీళ్లు నీళ్లు అంటూ చనిపోయినవారి గుర్తుగా 1969లో కట్టిన ఫౌంటెన్, ఆ చివర 1955లో పెట్టిన కంచు విగ్రహం. ఆకాశం వైపు చూపే కుడి చేయి బాంబు భయాన్ని, అడ్డంగా చాచిన ఎడమ చేయి శాంతిని సూచిస్తాయి. జనం ఆ విగ్రహం ముందు చేతులు చాచి ఫొటోలు దిగుతుంటారు. మీరు దిగకపోయినా ఏమీ నష్టం లేదు. దారి పక్కన నేలలో కనిపించే పునాది గోడలు ఒకప్పటి జైలువి. లోపలున్నవారిలో ఒక్కరూ మిగల్లేదు. విగ్రహం కంటే అవే నన్ను ఎక్కువసేపు నిలబెడతాయి.

ఓపిక ఉంటే పది నిమిషాల నడకలో ఉరకామి చర్చి. ఇప్పుడున్నది 1959లో తిరిగి కట్టింది. ఈ చర్చి కథకు రెండో సగం సాయంత్రం ఓడ పక్కనే ఉంటుంది, అందుకే దీన్ని ఇక్కడ గుర్తుపెట్టుకోమంటున్నాను.

పదకొండున్నరకు, మరీ ఆలస్యమైతే పన్నెండింటికి, శాంతి వనం స్టాపులో సోఫుకుజి వైపు వెళ్లే 1వ నంబరు ఎక్కేయండి.

మధ్యాహ్నం: దెజిమా, తర్వాత భోజనం

దెజిమా అనే స్టాపులోనే దిగాలి. 1636లో పోర్చుగీసు వారిని ఊరికి దూరంగా ఉంచడానికి సముద్రంలో మట్టి పోసి, విసనకర్ర ఆకారంలో కట్టిన చిన్న దీవి ఇది. వారిని వెళ్లగొట్టాక, 1641 నుంచి డచ్ వారిని ఇక్కడ పెట్టారు. రెండు వందల ఏళ్లకు పైగా పాశ్చాత్యులతో జపాన్ వ్యాపారమంతా ఈ చారెడు నేల మీదే. డచ్ వారు అనుమతి లేకుండా వంతెన దాటకూడదు. ఇప్పుడు చుట్టూ సముద్రం పూడ్చేశారు కాబట్టి దీవిలా ఉండదు. లోపలి ఇళ్లు, గోదాములు పాత పద్ధతిలో మళ్లీ కట్టారు. చెప్పులు విప్పి ఎక్కాల్సిన ఇళ్లున్నాయి, కాబట్టి ఆ రోజు చిరుగుల్లేని మేజోళ్లు వేసుకోండి.

తెలుగువారు ఇక్కడి గోదాముల్లో కాస్త ఆగి చూడాలి. మచిలీపట్నంలో కోఠీ పెట్టి మన తీరపు అద్దకం బట్టలు కొన్నది, ఇక్కడ దెజిమాలో వాటిని దించింది ఒకే డచ్ కంపెనీ. కోరమాండల్ తీరపు నూలు బట్టలకు జపాన్‌లో మంచి గిరాకీ ఉండేది; టీ వేడుక పాత్రలను చుట్టడానికి వాటి ముక్కలను దాచుకునేవారు. తిరుగు ఓడల్లో ఇక్కడి నుంచి రాగి వెళ్లేది, అందులో కొంత మన తీరానికే.

దెజిమాకు గంట చాలు. అక్కడి నుంచి చైనాటౌన్ ఐదు నిమిషాల నడక.

ఇక భోజనం. నాగసాకి పేరు చెప్పగానే వచ్చేది చంపోన్, పంది ఎముకల రసంలో నూడుల్స్, కూరగాయలు, రొయ్యలు. చైనా నుంచి వచ్చిన ఒక హోటలు యజమాని 1899లో విద్యార్థుల కోసం చవకగా చేసిన వంటకం. ఆయన పెట్టిన షికైరో హోటలు ఇప్పటికీ ఉంది, మీ ఓడ గట్టుకు దగ్గరలోనే. మాంసం, చేప తినేవారికి ఇబ్బందేమీ లేదు. ఆవిరి బన్నుల్లో పెట్టి అమ్మేది కూడా పంది మాంసమే, అది తినని వారు గుర్తుంచుకోండి.

శాకాహారులకు నిజం చెప్పాలి: "కూరగాయలతో చేసింది" అన్నంత మాత్రాన జపాన్‌లో అది శాకాహారం కాదు. రసంలో, సాస్‌లో చేప పొడి మరిగించిన దాషి ఉంటుంది, చైనాటౌన్ వేపుళ్లలో పంది కొవ్వు ఉండవచ్చు. "నికు తో సకానా ఓ తబెమాసెన్", అంటే మాంసం, చేప తినను అని చెప్పవచ్చు గానీ, దాషి గురించి కూడా రాసి ఉన్న జపనీస్ చీటీ చూపించడం నయం. ఓడ సిబ్బందిలో జపనీస్ తెలిసినవారిని ముందు రోజే అడిగి రాయించుకోండి. అంతకంటే సులువైన మార్గం: ఓడలో ఉదయం కడుపునిండా తినండి, మధ్యాహ్నం చిన్న దుకాణంలో దొరికే అరటిపండ్లు, ఉప్పు వేసిన పచ్చి సోయా కాయలు, కాల్చిన చిలగడదుంపలతో సరిపెట్టండి, రాత్రి మళ్లీ ఓడలో తినండి. రేగుపండంత ఊరగాయ పెట్టిన అన్నం ముద్దలు కూడా ఉంటాయి. వాటిలోనూ చేప సారం కలిసే అవకాశం ఉంది కాబట్టి పట్టింపు ఎక్కువగా ఉన్నవారు ఫోను కెమెరా అనువాదంతో చీటీ చదవండి.

కాస్టెల్లా అనే కేకు మాత్రం కొనాలి. పోర్చుగీసు వారి నుంచి నేర్చుకున్నది, అడుగున చక్కెర పలుకులు కరకరలాడతాయి. గుడ్లు దండిగా ఉంటాయి, అవి తినని వారికి కుదరదు. పెద్ద పెట్టె అప్పుడే కొనకండి, సాయంత్రం ఓడ దగ్గరి వాలు వీధిలోనూ దొరుకుతుంది. చిల్లర వర్తకులు బండి మీద అమ్మే చిరిన్-చిరిన్ ఐసు కనబడితే మాత్రం వదలకండి. గులాబీ రేకుల్లా గరిటెతో పేర్చి ఇస్తారు.

సాయంత్రం: పైనుంచి కిందికి

షిన్‌చి చైనాటౌన్‌లో 5వ నంబరు ట్రామ్ ఎక్కి చివరి స్టాపు ఇషిబాషి వరకు వెళ్లండి. ఒక స్టాపు ముందే ఓఉరా చర్చి స్టాపు వస్తుంది, ట్రామ్‌లోని పర్యాటకులంతా అక్కడ దిగిపోతారు. మీరు కదలకండి.

ఇషిబాషి నుంచి రెండు నిమిషాలు నడిస్తే కొండ వాలు వెంట ఏటవాలుగా ఎక్కే లిఫ్టు ఉంది. స్థానికులు ఇళ్లకు వెళ్లడానికి వాడేది, ఉచితం. దాని తర్వాత మరో నిలువు లిఫ్టు. పైకి చేరాక గ్లోవర్ తోట రెండో ద్వారం ఎదురవుతుంది. ఇలా వెళితే తోటంతా దిగుడే. ముందు ద్వారం నుంచి వెళ్లేవారు చెమటలు కక్కుతూ ఎక్కే దారిని మీరు చల్లగా దిగుతారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో, అత్తమామలతో వచ్చినవారికి ఈ ఒక్క చిట్కా చాలు. కిందికి దిగే దారిలోనూ అక్కడక్కడా మెట్లు, వాలు ఉన్నాయి, తొందరపెట్టకండి.

స్కాట్లండ్ వ్యాపారి థామస్ గ్లోవర్ ఇల్లు 1863 నాటిది. జపాన్‌లో మిగిలిన పాశ్చాత్య పద్ధతి చెక్క ఇళ్లలో అదే అత్యంత పాతది, 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇళ్ల కంటే నాకు నచ్చేది అక్కడి నుంచి కనిపించే రేవు. ఎదుటి ఒడ్డున మిత్సుబిషి ఓడల కర్మాగారం. అక్కడ 1909లో నిలబెట్టిన భారీ క్రేను ఇప్పటికీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ముసాషి యుద్ధనౌకను ఈ కర్మాగారంలోనే, ఊరివారి కంట పడకుండా తాళ్ల తెరలు కట్టి తయారుచేశారు. 2004లో డైమండ్ ప్రిన్సెస్ అనే క్రూయిజ్ ఓడ కూడా ఇక్కడే పుట్టింది. జపాన్ చుట్టూ తిరిగేవారిలో చాలామంది ఎక్కేది దాన్నే. మీ ఓడ ఏదైనా, కాళ్ల కింద గట్టున కట్టేసి కనిపిస్తుంది. దాని పొగగొట్టం కనబడుతున్నంతసేపు గడియారం వైపు పదేపదే చూడక్కర్లేదు.

తోట కింది ద్వారం పక్కనే ఓఉరా చర్చి. 1864లో కట్టారు, జపాన్‌లో నిలిచి ఉన్న చర్చిలన్నిటికంటే పాతది. లోపల ఫొటోలు తీయకూడదు. 1597లో ఈ ఊరి గుట్ట మీద శిలువ వేసిన 26 మంది పేర దీన్ని అంకితం చేశారు. ఆ తర్వాత క్రైస్తవాన్ని నిషేధించిన రెండున్నర శతాబ్దాల్లో ఆ మతం జపాన్‌లో పూర్తిగా పోయిందనే యూరప్ అనుకుంది. చర్చి తెరిచిన కొద్ది వారాలకు, 1865 మార్చి 17న, పల్లెవాళ్లు కొందరు లోపలికి వచ్చి, మా మనసూ మీ మనసూ ఒకటేనని ఫ్రెంచి పాదిరీ పెతిజాన్ చెవిలో చెప్పారు. పాదిరీలు లేకుండా, తరం నుంచి తరానికి రహస్యంగా ప్రార్థనలు అప్పగించుకుంటూ వచ్చినవారు. వారు వచ్చింది ఉరకామి నుంచి, ఉదయం మీరు నిలబడిన లోయ నుంచి. బయటపడినందుకు మూడు వేల మందికి పైగా ఊరు వదిలి దేశంలో చెల్లాచెదురు కావలసి వచ్చింది. 1873లో నిషేధం తొలగాక తిరిగి వచ్చి, దశాబ్దాల కష్టంతో కట్టుకున్న చర్చి గోడ ముక్కే బాంబు స్తంభం పక్కన కనిపించినది. ఉదయం ఉరకామి, సాయంత్రం ఓఉరా అన్న ఈ వరుసకు ట్రామ్ సౌకర్యం ఒక్కటే కారణం కాదు.

ఇక్కడికి నాలుగు దాటినా ఫరవాలేదు. వాలు వీధి దిగితే కాస్టెల్లా దుకాణాలు, అవి దాటితే ఓడ. జేబులో మిగిలిన నాణేలు ఇక్కడే ఖర్చుపెట్టండి. తర్వాతి రేవు జపాన్‌లోనే ఉంటే దాచుకోండి.

ఏదైనా తప్పితే

వేసవి చివర, ముఖ్యంగా ఆగస్టు, సెప్టెంబరులో తుఫాను వస్తే కెప్టెన్ రేవునే వదిలేసి ముందుకు పోవచ్చు. ఓడ వారి టూరు డబ్బు వెనక్కి వస్తుంది. మీరు విడిగా కొన్న టికెట్లది మీ బాధ్యత. అందుకే ముందు రోజు వరకు రద్దు చేసుకోగలిగినవే కొనండి. పైన చెప్పిన రోజులో అసలు ముందుగా కొనవలసిన టికెట్టే లేదు.

వాన పడితే గ్లోవర్ తోటను వదిలేయండి, రాళ్ల మెట్లు జారతాయి. ఆ సమయం మ్యూజియంకు, దెజిమాకు కలపండి.

ఓడ కదిలిపోయిందనుకోండి. గట్టు మీదే ఆగి రేవు ఏజెంటుకు ఫోను చేయండి. ఓడలో పాస్‌పోర్టులు దాచి ఉంటే, రానివారివి తీసి ఏజెంటుకు అప్పగించి వెళ్లడం మామూలు. తర్వాతి రేవు జపాన్‌లోనే ఉంటే రైలులో వెళ్లి అందుకోవచ్చు: నాగసాకి నుంచి ఫుకుఓకా నగరంలోని పెద్ద స్టేషన్ హకాతాకు, 2022లో మొదలైన కొత్త బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో తకెఓ ఓన్‌సెన్ వరకు వెళ్లి, ఎదుటి ప్లాట్‌ఫాం మీద మరో రైలు మారితే దాదాపు గంటన్నర. అక్కడి నుంచి దేశంలో ఎటైనా రైళ్లున్నాయి. తర్వాతి రేవు బుసాన్ అయితే సొంతంగా విమానం టికెట్టు కొనే ముందు ఏజెంటు మాట వినండి. ఓడ ప్రయాణికులకిచ్చే ప్రత్యేక అనుమతితో దిగినవారు అదే ఓడలో తిరిగి వెళ్లాలన్నది ఆ అనుమతిలోని షరతు, కాబట్టి ముందుగా ఇమిగ్రేషన్ అధికారులతో మాట్లాడాల్సి ఉంటుంది. ఈ ఖర్చులన్నీ మీవే. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఓడ తప్పిపోవడం అందులో ఉందో లేదో చదివి సంతకం పెట్టండి.